గ్లాసులో నాలుగే: విస్కీ, ఋతువు పండు – ఒక సంవాదం

ఓల్డ్ ఫ్యాషన్డ్ అనే విస్కీ పానీయంలో ఉండేవి నాలుగు: మద్యం, తీపి, నీరు, చేదు. కాక్‌టెయిల్ అంటే ఏమిటని ఒక పాఠకుడు అడిగితే, న్యూయార్క్ రాష్ట్రంలోని హడ్సన్ పట్టణపు పత్రిక ఒకటి 1806 మే 13న ఈ నాలుగింటినే జవాబుగా చెప్పింది. తర్వాతి కాలంలో బార్లవాళ్లు రకరకాల సరుకులు కలపసాగారు. అవేవీ వద్దు, పాత పద్ధతిలోనే ఇవ్వమని అడిగేవాళ్ల నోట ఆ పానీయానికి పాత పద్ధతిదన్న పేరు స్థిరపడింది. అందుకే ఇందులో ఋతువుకొక పండు కలపవచ్చా అన్న ప్రశ్న రాగానే వాదం మొదలవుతుంది.

ఆ వాదానికి నేలకొండపల్లి తగిన చోటు. భక్త రామదాసుగా పేరొందిన కంచర్ల గోపన్న పుట్టిన ఈ ఊరి చుట్టూ పాలేరు జలాశయం నీటితో పండే చెరుకు ఉంది, జిల్లా అంతటా మామిడితోటలున్నాయి, తూర్పున భద్రాచలం అడవి ఉంది. తీపికీ పండుకూ కొరత లేదు. ఈ సంవాదంలో పూర్వపక్షం మామది. ఆయన సైన్యంలో పనిచేసి వచ్చి చెరుకు వేస్తున్నవాడు. ఉత్తరపక్షం మేనల్లుడిది. అతను హైదరాబాదులో ఒక హోటల్ బార్‌లో గ్లాసులు కలిపేవాడు.

పండుకు పనేమిటి?

మామ: నాలుగింటితో నిండిన గ్లాసులో ఐదోదానికి చోటెక్కడిది అల్లుడూ? పండు వేయడమంటే పానకంలో పుడక వేసినట్టే. నారింజ ముక్కా చెర్రీ పండూ గ్లాసు అడుగున వేసి నలిపే అలవాటు అమెరికాలోనే పుట్టింది. అక్కడ 1920 నుంచి 1933 దాకా మద్యనిషేధం. దొంగసరుకు కంపు దాచడానికే ఆ పండు వచ్చిందని చాలామంది నమ్మకం. సరుకు మంచిదైతే ముసుగెందుకు?

అల్లుడు: ముసుగు కోసం వేసేవాణ్ని నేనూ సమర్థించను మామా. కానీ కాక్‌టెయిల్ కంటే పంచ్ పాతది. సారా, చక్కెర, నిమ్మరసం, నీళ్లు, మసాలా కలిపి తాగే ఆ పానీయం 17వ శతాబ్దంలో ఈస్టిండియా కంపెనీ మనుషుల వెంట మన తీరంలో తిరిగింది. సరుకులు ఐదు గనక మన ‘పంచ’ నుంచే ఆ పేరు వచ్చిందని ఒక వివరణ ప్రచారంలో ఉంది. పంచ్ మాట కనిపించే తొలి రాతల్లో ఒకటి 1632 సెప్టెంబరు 28 నాటి ఉత్తరం. కంపెనీ ఉద్యోగి ఒకడు దాన్ని రాసింది మన నిజాంపట్నంలో ఉన్న తోటివాడికి. పండు మద్యంలో కలిసి అంత కాలమైంది. నువ్వు పాతదంటున్న పద్ధతి దానికంటే చిన్నది.

మామ: నిమ్మకాయ సంగతి వేరు. పులుపు కావాలి గనక నిమ్మకాయ పిండుతారు. దానికి పనుంది. మామిడికీ నేరేడుకూ ఏం పనుంది?

అల్లుడు: తేల్చుకోవాల్సింది అదే. పండు నాలుగింటి మీద ఐదోదిగా రాకూడదు, ఏదో ఒకదాని స్థానంలో రావాలి. మామిడి వస్తే చక్కెర దిగిపోవాలి. నేరేడు వస్తే దాని వగరు చేదుకు సాయం రావాలి. ముంజ వస్తే నీటి బదులు రావాలి. ఏ పనీ చేయని పండును గ్లాసు బయటే ఉంచుతాను.

ఈ మాటతో రెండు పక్షాలకూ ఒక ఉమ్మడి కొలత దొరికింది. ఇకమీదట పండు బాగుంటుందా లేదా అన్నది ప్రశ్న కాదు. అది ఎవరి పని చేస్తుంది, ఆ పని పాతవాడి కంటే బాగా చేస్తుందా అన్నదే పరీక్ష.

విస్కీ

మామ: అయితే మొదటివాణ్నే పరీక్షించు. స్కాచ్ అనాలంటే ధాన్యంతో చేయాలి, ఓక్ పీపాలో కనీసం 3 ఏళ్లు మాగాలి, 40 శాతానికి తగ్గకూడదు. ఐరోపా చట్టాల్లో ధాన్యం నుంచి రానిదానికి విస్కీ అనే పేరే లేదు. మన దగ్గర చవక సీసాల్లో చాలావాటికి ఆధారం మొలాసిస్ నుంచి తీసిన స్పిరిట్. మిల్లుకు పోయే చెరుకులోంచి చక్కెర తీసేశాక మిగిలే నల్లటి మడ్డే మొలాసిస్. అంటే గ్లాసులో ఉన్నదే చెరుకు. దాని మీద మళ్లీ చెరుకు చక్కెర, ఆ పైన పండు. ఇక విస్కీ ఏది?

అల్లుడు: ఆ సీసాలన్నీ మొలాసిస్‌వే కావు, నూకల నుంచి తీసిన స్పిరిట్‌తో చేసేవీ ఉన్నాయి. బార్లీతో చేసే మన సింగిల్ మాల్ట్‌లూ ఉన్నాయి. బెంగళూరు అమృత్ 2004లో తన సింగిల్ మాల్ట్‌ను గ్లాస్గోలోనే విడుదల చేసింది. అలాంటి సీసాలో పీపా వాసన, ధాన్యం రుచి ఉంటాయి గనక అక్కడ నీ మాటే చెల్లుతుంది, పండు వేయను. మామూలు సీసాలో మాత్రం నువ్వు చెప్పిన చెరుకే నాకు కలిసొస్తుంది. చెరుకు పుట్టుక ఉన్న మద్యంలో బెల్లం, మామిడి పరాయివిగా తేలవు.

ఈ భాగంలో ఇద్దరూ సగం సగం గెలిచారు. పండు పానీయానికి మంచి మాల్ట్ వాడటం దండగ. నాసి సరుకు వాడితే పండు ముసుగు అవుతుంది. వాడాల్సింది మధ్యరకం. మన సీసాల మీద సాధారణంగా 42.8 శాతం అని ఉంటుంది. కొలతలన్నీ ఆ అంకె మీదే ఆధారపడతాయి.

తీపి

అల్లుడు: పాత పద్ధతిలో చక్కెర బిళ్ల వేస్తారు. చల్లటి మద్యంలో చక్కెర తొందరగా కరగదు. మన దగ్గర బెల్లం పాకం అంతకంటే నయం. వంద గ్రాముల బెల్లం, వంద మిల్లీలీటర్ల నీళ్లు పొయ్యి మీద కరిగించి, పల్చటి గుడ్డలో వడగడితే ఇసుక, పిప్పి పోతాయి. తీగపాకం రానక్కర్లేదు, కరిగితే చాలు.

మామ: బెల్లం పండించేవాళ్లం మేము, దాని మచ్చ కూడా మాకే తెలుసు. నల్లబెల్లం, పటిక అంటేనే ఎక్సైజువాళ్లకు గుడుంబా గుర్తొస్తుంది. ఇంకోపక్క అదే బెల్లంతో మిరియాలు, ఏలకులు వేసి శ్రీరామనవమికి పానకం చేస్తారు. ఒకటి దేవుడి ముందు పెట్టేది, ఒకటి పోలీసులు పారబోసేది. నువ్వు రెండింటి మధ్యా గ్లాసు పెడుతున్నావు.

అల్లుడు: పానకాన్ని పానకంగానే ఉంచుదాం మామా, దాన్ని నేను ముట్టను. నేను తీసుకునేది వంటింటి బెల్లమే. అయితే దానికీ లోపం ఉంది. దాని వాసన గట్టిది. పండుతో కలిపితే పండునే మింగేస్తుంది. అందుకే పుల్లటి పండుకు బెల్లం, తియ్యటి పండుకు చక్కెర.

మామ: ఈ పక్క అసలైన ఋతువు తీపి కావాలంటే ఇప్పపువ్వు చెప్పు. మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారుజామున చెట్టు కింద రాలి ఉంటుంది. కోయవాళ్లు బుట్టలకెత్తి ఎండబెట్టుకుంటారు, వండుకుంటారు, సారా కాస్తారు.

అల్లుడు: సారా జోలికి పోను. లైసెన్సు లేని బట్టీ సరుకు కొనడం నేరం, పైగా అందులో ఏముందో ఎవరూ చెప్పలేరు. ఎండిన పువ్వు మాత్రం పనికొస్తుంది. అందులో చక్కెర బాగా ఎక్కువ. కేసరాలు దులిపి, కడిగి, వేడి నీళ్లలో నానబెట్టి పిండితే పాకం దానంతటదే వస్తుంది. వాసన ఘాటు గనక బెల్లం పాకంలో సగం వేస్తే చాలు.

చేదు

పాత పద్ధతిలో చేదు కోసం వేసేది బిట్టర్స్, అంటే వేర్లు, బెరళ్లు, మసాలాలు నానబెట్టిన మద్యం. వీటిలో పేరుమోసిన అంగోస్టురాను జొహాన్ సీగెర్ట్ అనే జర్మన్ వైద్యుడు 1824లో వెనిజులాలోని అంగోస్టురా పట్టణంలో కడుపు మందుగా తయారుచేశాడు. 1875లో ఆ వ్యాపారం ట్రినిడాడ్‌కు మారింది. సీసా చిన్నది, ఖరీదు పెద్దది, నేలకొండపల్లి దుకాణంలో దొరికేది కాదు.

మామ: చూశావా, నీ నాలుగింటిలో ఒకటి ఊళ్లోనే లేదు. లేనిదాని బదులు పండు వేసి సరిపెట్టుకుంటావు.

అల్లుడు: చేదు మన ఊళ్లో ఏటా చైత్రంలో పూస్తుంది. ఉగాది పచ్చడిలో ఏముంటాయి మామా? బెల్లం, వేపపువ్వు, మామిడికాయ, చింతపండు, ఉప్పు, కారం. హడ్సన్ పత్రిక చెప్పిన తీపీ చేదూ అందులో పక్కపక్కనే ఉన్నాయి. ఎండు వేపపువ్వు ఒక చెంచాడు దోరగా వేయించి, 50 మిల్లీలీటర్ల విస్కీలో ఒక రాత్రి నాననిచ్చి వడగట్టు. గ్లాసుకు మూడు నాలుగు చుక్కలు చాలు. ఎక్కువైతే మందు తాగినట్టే ఉంటుంది.

మామ: వేపపువ్వు చారు తాగి పెరిగినవాణ్ని, ఆ చేదు మీద నాకు గొడవ లేదు. ఇది ఒప్పుకున్నట్టే.

పండ్లు, నెలల వరుసలో

చైత్రంలో పచ్చిమామిడి. ఇది పులుపు పని చేస్తుంది గనక ఓల్డ్ ఫ్యాషన్డ్‌లో కంటే, నిమ్మరసంతో చేసే విస్కీ సోర్‌లో ఇముడుతుంది. కాయను నిప్పుల మీద కాల్చి, తొక్క తీసి, గుజ్జు పిసికి వడగడితే రసానికి కాస్త పొగవాసన వస్తుంది. విస్కీకి అది పొత్తు. నిమ్మరసం కంటే పులుపు తక్కువ గనక కొలత కొంచెం పెంచాలి.

వేసవిలో పండుమామిడి. అసలు వాదం ఇక్కడే జరిగింది.

మామ: మామిడిపండు గుజ్జు వేస్తే అది విస్కీ కాదు, మామిడి తాండ్ర ద్రవం. గ్లాసు గోడకు అంటుకుంటుంది, నోటికి పీచు తగులుతుంది.

అల్లుడు: గుజ్జు వేస్తే అంతే. గుజ్జులో పెక్టిన్ ఉంటుంది, అది ఆల్కహాల్‌లో కరగదు. అందుకే గుజ్జు వేయను, ఊట తీస్తాను. మాగాయకు ముక్కల మీద ఉప్పు చల్లితే తెల్లారేసరికి ఊట దిగుతుంది గదా. పండుముక్కల మీద చక్కెర చల్లినా అంతే. రెండొందల గ్రాముల ముక్కలకు వంద గ్రాముల చక్కెర చల్లి, మూతపెట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచు. పొద్దున్నే పిండకుండా వంచుకుంటే తేటగా, పచ్చగా, మామిడి వాసనతో పాకం వస్తుంది. మిగిలిన ముక్కలు పిల్లలు తింటారు.

మామ: ఏ మామిడి?

అల్లుడు: 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన బంగినపల్లి ముక్కలకు బాగుంటుంది, పీచుండదు. ఊటలో వాసన కావాలంటే రసాలే మేలు. ఏదైనా ముందు నీళ్లలో నానేసి సొన పోగొట్టాలి. తొక్క వాడకూడదు. తొక్కలోనూ సొనలోనూ ఉండే పదార్థం కొందరికి పెదాల మీద పొక్కులు తెస్తుంది.

అదే కాలంలో తాటిముంజలు వస్తాయి. ముంజకు సొంత రుచి తక్కువ, చల్లదనం ఎక్కువ. లేత ముంజలోని నీళ్లు గ్లాసులో మామూలు నీటి పని చేయగలవు. ముంజ తీపినో వాసననో ఇస్తుందనుకుంటే నిరాశే. తునికిపండు, ఈతపండు చెట్టు కింద తినడానికి బాగుంటాయి గాని వాటి రసం అందేది కొద్ది, పీచు పెద్దది.

తొలకరికి నేరేడు. దీనిలో తీపి, పులుపు, వగరు మూడూ ఉన్నాయి. వగరు టానిన్ల వల్ల వస్తుంది. అది నాలుకను పట్టేస్తుంది గనక నేరేడు వేసినప్పుడు వేపపువ్వు చుక్కలు సగానికి తగ్గించాలి. పండ్లను చేత్తో నలిపి గింజలు తీసేయాలి. మిక్సీలో వేస్తే గింజ పగిలి చేదెక్కుతుంది. రసం రంగు పులుపును బట్టి మారుతుంది. నిమ్మచుక్క పడితే ఊదా కాస్తా ఎర్రబడుతుంది.

చలికాలంలో రేగుపండు. దీని గుజ్జు పిండిలా ఉంటుంది గనక ఊట దిగదు. బెల్లం వేసి ఉడికించి వడగట్టాలి. రేగు వడియాల రుచి తెలిసినవాళ్లకు ఈ పాకం కొత్తది కాదు. అందులో చిటికెడు ఉప్పు పడితే పులుపు తేలుతుంది.

మామ: ఆశ్వయుజం మరిచిపోయావు. సీతాఫలం కాలంలో ఏం చేస్తావు?

అల్లుడు: సీతాఫలం దగ్గర ఓడిపోయాను మామా. గుజ్జు పాలలాంటిది, ఊట దిగదు. ఉడికిస్తే చేదెక్కుతుంది. గాలి తగిలితే నల్లబడుతుంది. గింజలు నలిగితే విషం, కంట్లో పడితే ప్రమాదం. అది తీపి పనిచేస్తూనే మిగతా మూడింటినీ చెడగొడుతుంది.

కలిపే తీరు

మామిడి ఓల్డ్ ఫ్యాషన్డ్‌కు: విస్కీ 60 మిల్లీలీటర్లు, అంటే ఒక పెద్ద పెగ్గు, మామిడి ఊట 10 మిల్లీలీటర్లు, వేపపువ్వు విస్కీ 4 చుక్కలు. మూడూ ఒక గ్లాసులో పోసి, ఐసు ముక్కలు నిండా వేసి, పొడుగు చెంచాతో అర నిమిషం తిప్పాలి. వేరే గ్లాసులో ఒక పెద్ద ఐసు గడ్డ వేసి దాని మీదికి వడగట్టాలి. చక్కెర వేయకూడదు, దాని పని ఊట చేసింది.

తిప్పేటప్పుడు కరిగే ఐసే ఇందులో నాలుగోది, అంటే నీరు. అర నిమిషంలో సుమారు 20 మిల్లీలీటర్లు కరిగిందనుకుంటే గ్లాసులో ఉన్నది 90. 42.8 శాతం మద్యం 60 మిల్లీలీటర్లలో శుద్ధ ఆల్కహాల్ 25.7 మిల్లీలీటర్లు. అది 90లో దాదాపు 28.5 శాతం. తిప్పడం ఆపేస్తే ఘాటు, ఎక్కువ తిప్పితే పలచన. ఐసు తాగే నీటితో చేసిందై ఉండాలి. పాలేరు చేపల పెట్టెల్లో వేసే ఐసు గ్లాసుకు పనికిరాదు.

ఉగాది సోర్‌కు: విస్కీ 60, కాల్చిన మామిడికాయ రసం 30, బెల్లం పాకం 20, వేపపువ్వు విస్కీ 2 చుక్కలు, ఉప్పు చిటికెడు. రసం ఉన్నది గనక దీన్ని తిప్పితే చాలదు, మూత ఉన్న డబ్బాలో ఐసుతో గట్టిగా పది పన్నెండు సెకన్లు కుదిపి వడగట్టాలి.

నేరేడుకు: విస్కీ 60, కొద్దిగా చక్కెర కలిపిన రసం 15, వేపపువ్వు విస్కీ 2 చుక్కలు, తిప్పే తీరు మామిడిదే.

మామ: కొలత గ్లాసు లేకుండా మా వాళ్లు చేత్తో పోస్తారు గదా?

అల్లుడు: అప్పుడే పండు ముసుగైపోతుంది. విస్కీ ఎంత పడిందో తెలియదు, తీపి ఘాటును కప్పేస్తుంది. నీ మొదటి అభ్యంతరం నిజమయ్యేది ఆ గ్లాసులోనే.

హద్దులు

మామ: ఘాటు లేకపోతే గొంతు ఆపమనదు అల్లుడూ. నా అసలు భయం రుచి గురించి కాదు. పండు వేసిన గ్లాసు రెండోదాన్ని పిలుస్తుంది. ఈ రాష్ట్రంలో మద్యం మాట తేలిగ్గా మాట్లాడేది కాదు. ఉమ్మడి రాష్ట్రంగా ఉన్నప్పుడు, 1992లో, నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణాల మీద తిరగబడ్డారు. 1993 అక్టోబరులో సారా ఆగింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధమే వచ్చింది. 1997లో సడలించారు గాని, ఆ ఇళ్లు ఎందుకు ఏడ్చాయో ఆ కారణం పోలేదు.

అల్లుడు: దీనికి నా దగ్గర ఎదురు వాదం లేదు. మద్యంలో ఆరోగ్యానికి హాని లేని మోతాదంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. తెలంగాణలో 21 ఏళ్లు నిండనివాళ్లకు అమ్మకూడదు. బండి నడిపేవాడి రక్తంలో వంద మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే నేరం. బార్‌లో నేను పెట్టుకున్న నియమం ఒకటే: పండు గ్లాసు మనిషికి ఒకటి. రెండోది అడిగితే అదే మామిడి ఊట, అదే నిమ్మరసం, సోడా, విస్కీ ఉండదు.

తేల్చిన మాట

పూర్వపక్షం వదులుకున్నది ఒకటి: పండు వచ్చినంత మాత్రాన పాత పద్ధతి చెడదు. ఉత్తరపక్షం వదులుకున్నవి రెండు: మంచి మాల్ట్‌లో పండు వేయడం, పని లేని పండును గ్లాసులోకి తేవడం. రెండు పక్షాలూ నిలబెట్టింది లెక్కను. ఓల్డ్ ఫ్యాషన్డ్‌లో మామిడి ఊట చక్కెర స్థానంలో వచ్చింది, వేపపువ్వు బిట్టర్స్ స్థానంలో వచ్చింది, నీరు ఐసు నుంచి వచ్చింది, విస్కీ విస్కీగానే ఉంది. మొత్తం నాలుగే.

ఆ లెక్కన ఏడాది ఇలా నడుస్తుంది: ఉగాదికి పచ్చిమామిడి సోర్, వైశాఖ జ్యేష్ఠాల్లో మామిడి ఊట, తొలకరికి నేరేడు, సంక్రాంతికి రేగు. సీతాఫలం కాలంలో మాత్రం గ్లాసు మామది: విస్కీ, బెల్లం పాకం, వేపపువ్వు చుక్కలు, ఐసు. పండు పళ్లెంలో ఉంటుంది.